పిండి చేతుల వదిన

మొన్న పొద్దున పార్సిళ్లు పంచే అతను మా గేటు ముందు బండి ఆపి, చేతిలోని డబ్బా మీద పేరు చదివి "మీదేనా సర్?" అని అడిగాడు. నాది కాదు, వెనక వీధిలో ఉండే ఒక టీచరమ్మది. ఇల్లు ఎక్కడో చెప్పాను. అతను నెత్తి గోక్కుంటూ, "డిసెంబర్ వచ్చిందంటే గిదే పరేషాన్ సర్. ఒకరిది ఒకరింటికి పోతది," అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. మామూలుగా కాదు, గేటు పట్టుకొని నవ్వేంత. అతను అనుమానంగా చూసి వెళ్లిపోయాడు. నా భార్య లోపలి నుంచి వచ్చి నా ముఖం చూసి, ఏమైందని కూడా అడగకుండా, "మీ వదినె యాదికొచ్చిందా?" అంది.

వదిన పోయాక ఇది రెండో క్రిస్మస్.

ఆమె మా పెద్దన్న భార్య. అన్న ముందే పోయాడు. వికారాబాద్‌లో వాళ్ల ఇల్లు మా ప్రార్థన గుడి దగ్గర, మా ఇల్లు రైల్వే స్టేషన్ పక్క. తమ్ముడు సామ్యేలు తాండూరులో బండల పాలిష్ మిషన్లు పెట్టుకున్నాడు. చెల్లె మార్తను యాలాల్‌కు ఇచ్చాం, వాళ్లది కంది వ్యవసాయం. మాకందరికీ పిల్లలు, ఆ పిల్లలకు పిల్లలు. క్రిస్మస్ నాడు ప్రార్థన కాగానే ఈ మంద మొత్తం వదిన ఇంట్లో దిగేది. చెప్పులు విప్పడానికి వాకిట్లో చోటు చాలక గోడ మీద కూడా పెట్టేవాళ్లు.

క్రిస్మస్‌కు మా ఇంట్లో కానుక అంటే కొత్త బట్టలే. ఇంటింటి నుంచి డబ్బులు పోగేసి వదిన చేతికి ఇచ్చేవాళ్లం. కొనేది ఆమె, పంచేది ఆమె.

బట్టను ఆమె కళ్లతో చూసి కొనేది కాదు. పక్కన ఎవరుంటే వాళ్ల చెంపకు రుద్దేది. రుద్ది, వాళ్ల ముఖం చూసేది. ముఖం ముడుచుకుంటే ఆ బట్ట వద్దు. ఒకసారి నేను సంచులు మోయడానికి వెంట వెళ్లాను. దుకాణం సేటు చెంపకే ఒక చీర కొంగు రుద్దింది. నేను సిగ్గుపడ్డాను గాని ఆయన కదలలేదు. ఎన్నేళ్ల నుంచి అలవాటో, గడ్డం కొంచెం పక్కకు తిప్పి చెంప అందించాడు కూడా. అందించి, "అమ్మా, ఇస్ సాల్ కిత్తే ఝగ్డే?" అన్నాడు. ఈ ఏడు ఎన్ని కొట్లాటలు అని.

"మస్తున్నయి సేట్. మంచి రంగులు తియ్యి," అంది వదిన.

బట్టల దుకాణంలో కొట్లాటల లెక్క ఎందుకంటే, అది వదిన పంచే పద్ధతి తెలిసినవాళ్లకే అర్థమవుతుంది.

క్రిస్మస్ మధ్యాహ్నం బగారన్నం, మేక కూర ఉడుకుతుండగా ఆమె వంటింటి గడప మీదికి వచ్చి నిలబడేది. మూటలన్నీ పక్కనే మంచం మీద, పాత పేపర్లలో చుట్టి దారంతో కట్టి ఉండేవి. ఒక్కదాని మీదా పేరు ఉండదు. తట్టి చూసి ఎవరిదో చెప్పేది. కాని తన చేత్తో ఒక్కటి కూడా ఇచ్చేది కాదు. రెండు చేతులూ మణికట్టు దాకా పిండి. ఆ పూట వంటలో పిండితో పనే లేదు. పంచే ముందు డబ్బాలో చేతులు ముంచుకొని మరీ వచ్చేది.

"సామేలూ, నా చేతులకు పిండున్నది. గా మూట తీస్కపోయి మీ బావకియ్యి."

ఆమె ఈ మాట అన్న ఏడు సామ్యేలుకు, మార్త భర్తకు ఏదో ట్రాక్టర్ విషయంలో మాటలు లేవు. ఆ సంగతి వదినకు తెలుసు. వదినకు తెలుసని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎవరితో ఎవరికి పడటం లేదో, వాళ్ల మూట వీళ్ల చేతిలో పడుతుంది. అదీ పద్ధతి. ఎవరూ నోరు తెరిచి చెప్పింది లేదు, ఎక్కడా రాసింది లేదు. ఆ మూట చేరేదాకా అన్నం గంజు మూత తీసేది కాదు. పిల్లలు ఆకలికి ఏడ్చినా తీసేది కాదు.

"అక్కడ పెట్టి వస్త," అని తప్పించుకోబోతే ఊరుకునేది కాదు. "పెట్టేది దేవుని ముందట. మనిషికైతే చేతికియ్యాలె. చేతిల చెయ్యి పడితే నోరు దాని ఎనక అదే వస్తది."

నిజంగానే వచ్చేది. "తీస్కో" అనాలి గదా. అవతలివాడు "ఏం రంగు?" అనాలి. ఆ రెండు మాటలు అయ్యాక మూడోది ఆపడం కష్టం.

పిల్లలు మంచం చుట్టూ మూగి, ఎవరి పేరు పిలిచినా "పిండి పడ్డది, పిండి పడ్డది!" అని కేకలు పెట్టేవాళ్లు. తిరుగు రైల్లో పెద్దవాళ్లు కొత్త బట్టల గురించి మాట్లాడుకున్నది తక్కువ, "ఈసారి నీ చేతికి ఎవరిదొచ్చింది?" అని ఒకరినొకరు అడిగింది ఎక్కువ. నా మీద ఎవరికి కోపం ఉందో చాలాసార్లు డిసెంబర్ ఇరవై ఐదు దాకా నాకే తెలిసేది కాదు.

ఆమెకు ఈ కబుర్లన్నీ ఎక్కడ దొరికేవంటే, ధారూరు క్రైస్తవుల జాతరలో. నవంబర్‌లో మా వాళ్లంతా అక్కడ డేరాలు వేసుకొని కొన్నాళ్లు ఉంటాం. ప్రసంగాలు జరుగుతుంటే వదిన కళ్లు మూసుకొనే ఉండేది గాని, ప్రసంగం లేనప్పుడు డేరాల మధ్య చేతులు వెనక్కి కట్టుకొని తిరిగేది. ఎవరి పొయ్యి మీది కూర ఎవరి డేరాకు పోయింది, ఎవరిది పోలేదు. ఎవరి పిల్లలు ఎవరి చాప మీద పడుకున్నారు. అంతే, ఆమెకు ఏడాది మొత్తం తెలిసిపోయేది.

తప్పలేదని అనను. ఒక ఏడాది మేము జాతరకు ఆలస్యంగా చేరాం. మార్త వాళ్ల పక్కన చోటు నిండిపోయి, మా డేరా దూరంగా చింతచెట్ల దగ్గర పడింది. వదిన అది చూసి, నా భార్యకు, మార్తకు చెడిందని తీర్మానించుకుంది. క్రిస్మస్ నాడు మార్త చీర మూట నా భార్య చేతిలో పెట్టించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నాకెందుకు ఇచ్చింది? నా మీద నువ్వు మీ వదినెకు ఏమన్న చెప్పినవా మార్తా?"

"నేనేం చెప్త? నీ మనసుల ఏమన్న ఉంటే నువ్వే చెప్పు."

"నా మనసుల ఏమున్నది?"

"ఏం లేకుంటే గంత గట్టిగ ఎందుకు అడుగుతున్నవ్?"

అన్నాలు తినేసరికి నిజమైన కొట్లాట తయారైంది. ఈస్టర్ దాకా నడిచింది. పొరపాటైందని వదిన ఒప్పుకుంటుందేమోనని చూశాను. ఒప్పుకోలేదు. "నేను చెప్పలే? లోపల ఉన్నది, బయటికొచ్చింది," అంది. మరుసటి ఏడు కూడా మార్త చీర నా భార్య చేతికే వచ్చింది. "పోయినేడు జర ముందుగాల అయింది. ఈసారి సరిగ్గ టైముకొచ్చింది," అంది వదిన, పిండి చేతులతో ముఖం మీది వెంట్రుకలు తోసుకుంటూ. మొదట నా భార్యే నవ్వింది. మార్త నవ్వు ఆపుకోలేక చీరలో ముఖం దాచుకుంది.

ఇలా సాగిపోతున్న పద్ధతికి సామ్యేలు చేతిలో గండం వచ్చింది.

ఆ ఏడు ఎండాకాలంలో వాడు మా అమ్మ సమాధికి కొత్త బండ వేయించాడు. మంచి నీలం బండ, అద్దంలా మెరుస్తుంది. తన మిషన్ మీద తనే నిలబడి పాలిష్ పట్టించాడట. అమ్మ పేరు చెక్కించాడు. దాని కింద, "కుమారుడు సామ్యేలు వేయించినది" అని కూడా చెక్కించాడు. మార్త వికారాబాద్ వచ్చినప్పుడు పూలు పెట్టడానికి సమాధుల తోటకు పోయి అది చూసింది. అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"అమ్మ నిన్నొక్కనినే కన్నదా అన్న?"

"రాయి నాది, మిషన్ నాది. ఎవ్వల పేరు పెట్టాలె మరి?"

"అమ్మ ఎవ్వలది?"

అక్కడితో వాళ్ల మాటలు ఆగిపోయాయి. మేమందరం చెప్పి చూశాం. వాడు బండలాగే ఉన్నాడు, ఆమె ఆ బండ కింది నేలలా ఉంది. వచ్చే ఫిబ్రవరిలో మార్త కొడుకు పెండ్లి పెట్టుకున్నారు. మేనమామ రాని పెండ్లి ఏం పెండ్లని వదిన దిగులు. ఎవరు కలిసినా అదే మాట. "క్రిస్మస్ రానియ్యి, మూట నా దగ్గర లేదా," అని చివరికి తనకు తనే ధైర్యం చెప్పుకునేది.

సామ్యేలుకు అదీ తెలుసు. అందుకే అక్టోబర్‌లో ఒక ఆదివారం, ప్రార్థన తర్వాత అందరం వదిన ఇంట్లో ఉన్నప్పుడు, గొంతు సవరించుకున్నాడు.

"వదినె, నీ మోకాళ్లు నొస్తున్నయి. గా బజారంత తిరుగుడు, మూటలు కట్టుడు నీకెందుకు? ఫోన్ల కొడితే ఎవలింటికి వాళ్లకే పార్సిల్ వస్తది. గిప్పటి పిల్లలకు రంగులు గూడ వాళ్లకు నచ్చినయే తెప్పియ్యొచ్చు."

పిల్లలు తలలూపారు. వాళ్ల రంగుల బాధ నిజమే.

"మరి ఇక్కడికి వచ్చుడు?" అంది వదిన.

"వీలైనోళ్లు వస్తరు. అందరు రావాలని ఏమున్నది?"

"అవు, గదే మంచిది," అంది మార్త, గోడ వైపు చూస్తూ. సమాధి బండ తర్వాత అన్నాచెల్లెళ్లు ఏకమైన మొదటి మాట అది.

వదిన అందరి ముఖాలూ చూసింది. "పార్సిల్‌కు నోరుంటదా?" అని అడిగింది. ఆమె లేచి లోపలికి పోయింది. ఆ పూట సామ్యేలుకు అన్నం వడ్డించింది, కూర వేసింది, మాట మాత్రం ఆడలేదు. అప్పటి నుంచి వాడు ఫోన్ చేసినా, "ఇగో కరుణా, ఎవరో చేస్తున్నరు చూడు," అని కోడలి చేతికి ఇచ్చేసేది.

కరుణ ఆమె కోడలు. చిన్నపిల్లల బడిలో టీచర్. వదిన ఆమెను తిట్టేది కాదు, పొగిడేదీ కాదు. "బంగారమసొంటి పిల్ల. కాని నోట్ల నాలిక లేదు. నా తర్వాత గీ మందను ఎట్ల ఆపుతదో," అని నా భార్య దగ్గర చాలాసార్లు వాపోయేది. ఫోన్‌లో బట్టలు తెప్పించే పని ఆ కరుణకే పడింది. సాయంత్రాలు అత్తాకోడళ్లు మంచం మీద కూర్చునేవాళ్లు. ఫోన్‌లోని బట్టను చెంపకు రుద్దలేక వదిన ఆ అద్దం మీదే బొటనవేలు రాసి చూసేది. వేలు తగిలి బొమ్మ మారిపోతే, "గిదేంది, పారిపోయింది," అనేది. పేరు తను చెప్పేది, ఏ ఊరికి పోవాలో తను చెప్పేది. "నువ్వు కొట్టు. మధ్యల మాట్లాడకు," అనేది. కరుణ మాట్లాడేది కాదు.

డిసెంబర్‌లో పార్సిళ్లు రావడం మొదలైంది. మా ఇంటికి వచ్చిందాని మీద వదిన కొడుకు పేరుంది. కరుణ భర్తది. ఆర్డర్ చేసింది వాళ్ల ఇంట్లో, బట్టలు వాళ్ల ఇంటి మనిషివి, వచ్చింది మా ఇంటికి. నేను ముందు కరుణకు ఫోన్ చేశాను.

"నాకేం తెల్వది చిన్నమామ. అత్తమ్మ చెప్పినట్టే కొట్టిన."

వదినను అడిగాను. "నాకు గీ ఫోన్ల సంగతి ఏం తెలుస్తది? కండ్లు గూడ మసకలు. పెద్దదాన్నయిన," అంది. ఈక రంగు చూసి కోడి ఎవరిదో చెప్పే మనిషి, కండ్లు మసకలట.

నా భార్య ఆ డబ్బాను కాసేపు చూసి, "మీకు, ఆ పిల్లగానికి జాతరల ఏమైంది?" అని అడిగింది.

ఏమీ కాలేదు. కారు ఆలస్యంగా తెచ్చాడని నేనొక మాట అన్నాను. వాడొక మాట అన్నాడు. అప్పటి నుంచి మా ఇంటికి రాలేదు. అంతే.

అప్పుడు వెలిగింది నాకు. వెంటనే తాండూరుకు ఫోన్ చేశాను. "సామేలూ, నీకు ఏమొచ్చింది?"

"ఏమొచ్చుడేంది అన్న, చీరొచ్చింది. మార్త పేరు మీద. పెద్దమనిషికి ఫోనిస్తే గిట్లనే ఉంటది. వాపస్ పంపుత."

వాపస్ పంపాలంటే తెప్పించినవాళ్ల ఫోన్ నుంచే కొట్టాలి. కరుణ ఫోన్‌లో ఆ వారమంతా నెట్ రాలేదట. వికారాబాద్‌లో అందరికీ వచ్చింది, ఆమెకు రాలేదు.

నేను యాలాల్‌కు కూడా ఫోన్ చేశాను. మార్త ఇంటికి సామ్యేలు అంగి వచ్చి ఉంది. మెత్తటి నీలం గీతల అంగి. "నేను తీస్కపోయి ఇయ్య," అంది. "వచ్చి తీస్కపొమ్మను. రాకుంటే మా కందిచేన్ల దిష్టిబొమ్మకు తొడుగుత. దానికి అంగి చినిగింది."

ఆ మాటను నేను సామ్యేలుకు మోశాను. మోయకుండా ఉండాల్సింది. మోశాను. వాడు నమ్మలేదు. "మార్తకు గంత ధైర్యం లేదు," అన్నాడు.

పండుగకు ముందురోజు పొద్దున నేను పాత మిత్రుణ్ణి చూడటానికి తాండూరు పోయి, సామ్యేలు ఇంటికి వెళ్లాను. వాడి పాలిష్ మిషన్‌లో పనిచేసే ఒకతను అప్పుడే యాలాల్ వైపు నుంచి బండి మీద వచ్చాడు. దిగీ దిగకముందే, "సార్, మీ చెల్లె చేన్ల దిష్టిబొమ్మ మస్తుగున్నది. కొత్తంగి. షాపు చీటి గూడ తియ్యలే," అని నవ్వాడు.

సామ్యేలు ముఖం మాడిపోయింది. లోపలికి వెళ్లి మార్త చీర డబ్బా చంకలో పెట్టుకొని వచ్చి కారు ఎక్కాడు. "నువ్వు గూడ రా అన్న. సాక్షివి కావాలె," అన్నాడు. దారిలో నాపరాళ్ల లారీలు అడ్డం వస్తే హారన్ మీద చెయ్యి తీయలేదు.

చేను రోడ్డు పక్కనే. కంది నిలువెత్తు పెరిగి ఎండుకొస్తోంది. ఒక మూల కోత మొదలైంది. ఆ మూలకే దిష్టిబొమ్మ, రెండు చేతులూ చాచి, నీలం గీతల అంగి వేసుకొని, గుండీలు మెడ దాకా పెట్టుకొని నిలబడి ఉంది. మెడ దగ్గర చీటి గాలికి ఆడుతోంది. సామ్యేలు కారు దిగి గట్టు మీద నిలబడ్డాడు.

"ఏందే గిది?"

మార్త కొడవలి పట్టుకొని నడుము ఎత్తింది. "నువ్వే అన్న."

"నేనా?"

"అవు. అమ్మ సమాధి మీద నువ్వొక్కనివే ఉన్నవు గదా. మా చేన్ల గూడ నువ్వొక్కనివే నిలబడు."

కోత కోస్తున్న ఆడవాళ్లలో ఒకామె ఫక్కున నవ్వింది. మిగిలినవాళ్లు అందుకున్నారు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. సామ్యేలు చేనులోకి దిగి అంగి గుండీలు విప్పబోయాడు. ఒక చంకలో డబ్బా, ఒక్క చేత్తో గుండీలు రావు. బొమ్మ వాడి మీదికి ఒరిగింది. వాడు దాన్ని కౌగిలించుకొని నిలబడాల్సి వచ్చింది.

"అన్నదమ్ములు మంచిగ కలిసిన్రు," అంది మార్త.

వాడికి అప్పుడు నవ్వు వచ్చింది. బొమ్మను వదల్లేక, కోపం పట్టుకోలేక, గడ్డి భుజం మీద తల పెట్టి నవ్వాడు. మార్త వెళ్లి బొమ్మను నిటారుగా పట్టుకుంది. "ఇడువు, గుండీ తెగుతది," అని తనే అంగి విప్పింది. విప్పి, దులిపి, వాడి చేతికిచ్చింది. వాడు చంకలోని డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. "ఇంకో బొమ్మ లేదా? దీన్ని దానికి కడుదమనుకున్న," అన్నాడు.

ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఇంకా పచ్చిగా మిగిలిన కందికాయలు వొలుచుకు తిన్నారు. తర్వాత సామ్యేలు అన్నాడు: "నీ పేరు, అన్న పేరు, అందరియి చెక్కిపిస్త తియ్యి."

"నా పేరు వద్దు. నీది తీసెయ్యి. అమ్మ పేరొక్కటే ఉండనియ్యి."

వాడు ఆలోచించాడు. బండ పని వాడికి తెలిసినంత ఎవరికి తెలుసు? "మిషన్ పెట్టి రాకితే పోతది. మల్ల పాలిష్ పట్టాలె," అన్నాడు. పండుగ తర్వాత అలాగే చేశాడు.

ఆ రోజు నా డైరీలో ఉన్నది ఇంతే: "మంచు. కంది కోత మొదలు. సామ్యేలు, మార్త కలిశారు. అంగి ఖరాబైంది."

మరునాడు వదిన ఇంటి వాకిట్లో చెప్పులకు మళ్లీ చోటు లేదు. వీలైనవాళ్లు కాదు, అందరూ వచ్చారు. రాక ఏం చేస్తారు? ప్రతివాడి చేతిలో ఇంకొకరి పార్సిల్. ఎవరిది ఎవరికి చేర్చాలన్నా అందరూ దొరికే చోటు అదొక్కటే. నేను మా అన్న కొడుక్కు వాడి బట్టలు ఇచ్చాను. "కారు టైముకు తెస్త చిన్నాయన," అన్నాడు వాడు, నేను ఏమీ అనకముందే. చివరగా సామ్యేలు కారు ఆగింది. అందులోంచి మార్త, ఆమె భర్త, పెండ్లికొడుకు దిగారు. వెనక సామ్యేలు, కందిజిగురు మరకలున్న నీలం గీతల అంగిలో.

వదిన ఆ పూట గడప మీద నిలబడలేదు. నడింట్లో కుర్చీ వేయించుకొని కూర్చుంది. గెలిచినప్పుడు వినయంగా ఉండటం ఆమెకు రాదు. వచ్చిన ప్రతి మనిషినీ పిలిచి, "నీ పార్సిల్ ఎక్కడికి పోయింది? చెప్పు, ఎక్కడికి పోయింది?" అని చెప్పించుకొని, తొడ చరుచుకొని నవ్వింది. క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చిన చర్చి అయ్యగారిని కూడా వదల్లేదు. "ఫోన్ను ఓడగొట్టిన అయ్యగారూ! నోరు లేని పార్సిల్‌తోని మాట్లాడిపిచ్చిన!" ఆయనకు సంగతి తెలియదు. "దేవుని కృప," అని కుర్చీ కోసం చూశాడు.

ఈ సంబరమంతా అందరితోనూ పంచుకుంది గాని, సామ్యేలుతో మాత్రం కాదు. వాడు ఎదురుగా వస్తే చూపు వాడి తల మీద నుంచి గోడకు పోయేది. అక్టోబర్ ఆదివారం నాటి మాట ఆమె మరచిపోలేదు.

అన్నాలకు లేవబోతుండగా సామ్యేలు కారు దగ్గరికి పోయి ఇంకొక డబ్బా తెచ్చాడు. "వదినె, తాండూరుకు ఒక్కటి కాదు, రెండొచ్చినయి," అన్నాడు. డబ్బా మీద వదిన పేరుంది.

వదిన నవ్వు ఆగింది. "నాది నేను కొట్టియ్యలే," అంది, ఎవరితోనో అన్నట్టు.

సామ్యేలు డబ్బా చాచి నిలబడ్డాడు. చేతిలో చెయ్యి పడాలన్న మనిషి తన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. వాడు వంగాడు. "పట్టుకో వదినె. నీ పద్ధతే గదా. నీకైతే ఒకటి, మాకైతే ఒకటా?"

ఆమె డబ్బా అందుకుంది. అందుకొని, తలెత్తి వాడి ముఖం చూసింది. "అంగికి గా మరకలేందిర?" అంది. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "కూసో," అంది.

తర్వాత వంటింటి వైపు తిరిగింది. "కరుణా! ఇటు రా. గిది ఎప్పుడు కొట్టినవ్?"

కరుణ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మీరు ఉపవాస ప్రార్థనకు పోయిన రోజు అత్తమ్మ."

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పాలె? అన్ని జతలు అయినయి. మాట్లాడనోళ్లు ఇంకొక జత మిగిలిన్రు."

"మరి నెట్ రాలేదంటివి?"

"మీ కండ్లు మసకలైనప్పుడే నా నెట్ పోయింది," అంది కరుణ.

వదిన కోడల్ని పైనుంచి కింది దాకా చూసింది. ఆ పిల్లను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. డబ్బా చించింది. గంధం రంగు చీర. చెంపకు రుద్దుకుంది, ఈసారి తన చెంపకే. ముఖం ముడుచుకోలేదు. కట్టుకున్న చీర మీదే దాన్ని శాలువలా కప్పుకొని, మోకాళ్లు పట్టుకొని లేచి, వాకిలి దాటి వీధిలోకి నడిచింది. అన్నాలు వడ్డించి ఉన్నాయని మేం పిలుస్తూనే ఉన్నాం.

ప్రతి గడప దగ్గరా ఆగింది. "చూసిన్రా? నా కోడలు నన్నే ఓడగొట్టింది! నోట్ల నాలిక లేదనుకున్న, నన్నే ఓడగొట్టింది!" పక్కింటి ఖాలా బయటికొచ్చి చీర అంచు పట్టి చూసి, "మాషా అల్లా" అంది. ఎదురింటి రెడ్డి గారి పెద్దావిడ అరుగు మీద నుంచి, "ఓడిపోయినదానివి, గింత సంబురమేంది అక్కా?" అని అడిగింది.

"ఓడిన గాబట్టే," అంది వదిన. "ఇగ నేను కాళ్లు చాపుకొని కూసోవచ్చు."